చెరువు ఎప్పుడు పట్టాలి, కాలేజీ ఎప్పుడు వదలాలి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీదే. ఆశ్చర్యమేమీ లేదు. సంక్రాంతికి పిల్లలు ఇళ్ళకొచ్చారు, అరుగు మీద కూర్చుని ఫోన్లలో ఆ ఆటే చూశారు, పెద్దవాళ్ళు పక్కన చేరి ఇదేం ఫుట్‌బాలురా, బంతిని చేత్తో పట్టుకు పరిగెడుతున్నారేంటి అని అడిగారు, సమాధానం నచ్చక మాకు రాశారు. పైగా అక్కడి కుర్రాళ్ళు "నేను కాలేజీ వదిలి ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్తున్నా" అని చెప్పాల్సిన గడువు కూడా ఏటా జనవరి నడిమధ్యనే పడుతుంది, అంటే మన దగ్గర బరులు గీసి కోళ్ళను దించే రోజుల్లోనే. అందుకని ఈ వారం అంతా ఒకే విషయం. క్రికెట్ వాళ్ళు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్నండి. డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చాను. శనివారం వచ్చిందంటే మా మనవడు టీవీ వదలడు. వాడికి ఇష్టమైన క్వార్టర్‌బ్యాక్ ఇంకో ఏడాది కాలేజీలో ఆడే వీలుండగానే మానేసి డబ్బుల ఆటలోకి పోతున్నాడట. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు డిగ్రీ చేతికి రాకుండా పోవడం నాకేం నచ్చలేదు. వాడేమో "తాతయ్యా, నీకు తెలీదు, వెళ్ళకపోతేనే పిచ్చి" అంటాడు. ఎవరిది రైటండి? – పాలకొల్లు నుంచి ఒక తాతగారు

జవాబు: మాస్టారూ, ముందు డిగ్రీ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీ బాధలో సగం దాని గురించే, ఆ సగం మీరు పడక్కర్లేదు. అక్కడ డిగ్రీ నాలుగేళ్ళే అయినా ఆటగాళ్ళు వేసవి సెలవుల్లో కూడా క్లాసులు తీసుకుంటారు కాబట్టి మూడు, మూడున్నరేళ్ళకే పట్టా తీసుకున్నవాళ్ళు ఉన్నారు. పేటన్ మ్యానింగ్ టెనెసీలో మూడేళ్ళకే పూర్తి చేశాడు, చేసేసి కూడా ఆట కోసం నాలుగో ఏడాది ఉండిపోయాడు. యూటా యూనివర్సిటీలో ఆడిన అలెక్స్ స్మిత్ అయితే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పరీక్షలు రాసి క్రెడిట్లు వెంటబెట్టుకొచ్చాడు, ఎకనామిక్స్ డిగ్రీ రెండేళ్ళలో ముగించేశాడు, ఆ తర్వాతే 2005లో ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్ళాడు. పూర్తి కానివాళ్ళు తర్వాత ఎప్పుడైనా వెళ్ళి మిగిలింది చదువుకుంటారు.

ఇక ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జట్టుకు పదకొండు మంది, అందులో బంతి అందుకుని ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ పేరు ఎన్ఎఫ్ఎల్, అందులో 32 జట్లు. ఏటా ఏప్రిల్ చివర్లో కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ అని జరుగుతుంది, ఏడు రౌండ్లు, అంతకుముందు సీజన్‌లో అందరికంటే అధ్వాన్నంగా ఆడిన జట్టు మొదట ఎంచుకుంటుంది. మొత్తం వరసలో ఎన్నోవాడిగా ఎంచుకుంటే అన్నో పిక్ అంటారు. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది: మంచి కుర్రాడు మామూలుగా చెడ్డ జట్టుకే వెళ్తాడు. హైస్కూలు అయ్యాక మూడేళ్ళు నిండితే గానీ డ్రాఫ్ట్‌లోకి రానివ్వరు. ఈ నియమం చెల్లదని మారిస్ క్లారెట్ అనే ఓహైయో స్టేట్ ఆటగాడు కోర్టుకెళ్ళాడు, కింద కోర్టులో గెలిచాడు గానీ 2004లో అప్పీల్లో ఓడిపోయాడు. ఆ తీర్పు రాసిన సోనియా సోటోమేయర్ తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. కాబట్టి పద్దెనిమిదేళ్ళకే చదువు మానేసి పరిగెత్తే పిల్లలెవరూ ఇందులో లేరు మాస్టారూ, మూడేళ్ళు ఉండాల్సిందే, గొడవంతా ఆ నాలుగో ఏడాది గురించే.

మరి ఎవరిది రైటంటే, ఇద్దరూ అసలు ప్రశ్న అడగలేదు. లీగ్ దగ్గర ఒక సలహా కమిటీ ఉంది. త్వరగా రావాలనుకునే కుర్రాడు అడిగితే, జట్ల ప్లేయర్ల విభాగాల్లో పనిచేసేవాళ్ళు వీడియోలు చూసి మూడింటిలో ఒక మాట చెప్తారు: మొదటి రౌండ్‌లో పోవచ్చు, రెండో రౌండ్‌లో పోవచ్చు, లేదంటే ఈ రెండూ కాదు, కాలేజీలోనే ఉండు. మొదటి రౌండ్ అన్నారంటే నాలుగేళ్ళ కాంట్రాక్టు, దాదాపు మొత్తం గ్యారంటీ, ఐదో ఏడాదికి జట్టు పొడిగించుకునే వీలు. అప్పుడు మీ మనవడిదే రైటు. మూడోమాట అన్నారంటే మీదే రైటు, మీరు చెప్పిన కారణం వల్ల మాత్రం కాదు. ఈసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు "అతనికి కమిటీ ఏం చెప్పిందిరా" అని అడగండి, తాతయ్యకి ఇంత తెలుసా అని నోరు తెరుస్తాడు.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గరండి, వనామి చెరువులు. మా బావ కొడుకు ఆస్టిన్‌లో ఉంటాడు, ఈ క్వార్టర్‌బ్యాక్‌ల గొడవ వాడు చెప్తుంటే నాకు నా చెరువే కళ్ళ ముందు కనపడింది. వంద కౌంట్‌కి పట్టేస్తే రేటు తక్కువే గానీ డబ్బు చేతికొచ్చేస్తుంది. నలభై కౌంట్ దాకా ఆగితే రేటు బాగుంటుంది, ఈలోపు వైట్ స్పాట్ తగిలిందా, అంతే సంగతులు. వాళ్ళదీ ఇదే లెక్కాండి?

జవాబు: చాలా దూరం ఇదే లెక్క. చెరువులు చూడని పట్నం పాఠకులకు చెప్పాలంటే, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ.

వైట్ స్పాట్ అంటే చెరువుని తుడిచిపెట్టే వైరస్ జబ్బు. మీరు భయపడే ఆ వైట్ స్పాట్ లాంటిది తగిలినవాడు మ్యాట్ బార్‌క్లీ. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో 2011 సీజన్ అయ్యేసరికి మొదటి రౌండ్ ఖాయమని అందరూ అన్నారు, అతను ఆగాడు, జట్టుని ఛాంపియన్ చేసి వెళ్దామనుకున్నాడు. 2012 సీజన్‌లో జట్టు కుదేలైంది, చివర్లో కుడి భుజానికి దెబ్బ తగిలింది, ఏప్రిల్‌లో 98వ పిక్‌గా, నాలుగో రౌండ్‌లో పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు లీగ్‌లో ఉన్నాడు గానీ ఎక్కువగా వెనక బెంచీలోనే. మొదటి రౌండ్‌కీ నాలుగో రౌండ్‌కీ తేడా డబ్బొక్కటే కాదండి. మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడు బాగా ఆడకపోయినా పెట్టిన డబ్బు చూసి జట్టు మళ్ళీ మళ్ళీ అవకాశం ఇస్తుంది, నాలుగో రౌండ్ వాడికి ఆ ఓపిక పట్టరు.

దెబ్బ తగిలినా రేటు పడనివాడు కూడా ఉన్నాడు. ఓక్లహోమాలో ఆడిన శామ్ బ్రాడ్‌ఫర్డ్ 2008లో కాలేజీ ఆటగాళ్ళలో ఏటా ఉత్తముడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచి కూడా ఆగాడు, 2009 సీజన్ మొదటి ఆటలోనే భుజం పోయింది, చివరికి ఆపరేషన్ కూడా చేయించుకున్నాడు. అయినా 2010లో అతనే మొదటి పిక్, ఆరేళ్ళకు 7 కోట్ల 80 లక్షల డాలర్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ. అదృష్టం, ఇంకేమంటాం.

నాకు అన్నిటికంటే ఎక్కువ జాలేసేది జేక్ లాకర్ మీద. వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాడు, బ్రాడ్‌ఫర్డ్ వెళ్ళిన అదే 2010 డ్రాఫ్ట్‌కి వెళ్ళుంటే చాలా పైన పోయేవాడని అనేవారు. ఆగాడు. దెబ్బ వల్ల కాదు, రోగం వల్ల కాదు, సంత మారిపోయింది. 2011లో లీగ్‌కీ ఆటగాళ్ళ యూనియన్‌కీ కొత్త ఒప్పందం కుదిరి, కొత్తగా వచ్చేవాళ్ళ జీతాలకు స్లాబులు కట్టేశారు. ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కే నాలుగేళ్ళకు 2 కోట్ల 20 లక్షలు. ఎనిమిదో పిక్‌గా వెళ్ళిన లాకర్‌కి ఏడాది ముందు బ్రాడ్‌ఫర్డ్‌కి గ్యారంటీగా దొరికినదాంట్లో దాదాపు పావు వంతు దొరికింది. 2025లో అమెరికా వాళ్ళు సుంకాలు పెంచినప్పుడు మీకు జరిగింది ఇదే కదండీ, రొయ్యకి ఏ జబ్బూ లేదు, ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, మేత వేస్తూనే ఉన్నారు, కొనేవాడి దగ్గర లెక్క మారింది.

ఇక ఆగి ఏమీ పోగొట్టుకోనివాడు ఆండ్రూ లక్. 2011 జనవరిలో మొదటి పిక్ నీదేనని లోకమంతా అంటుంటే స్టాన్‌ఫర్డ్‌లోనే ఉండిపోయాడు, ఆర్కిటెక్చరల్ డిజైన్ డిగ్రీ తీసుకున్నాడు, 2012లో మళ్ళీ మొదటి పిక్. వాళ్ళ నాన్న ఆలివర్ లక్ కూడా ఒకప్పుడు ఎన్ఎఫ్ఎల్ క్వార్టర్‌బ్యాకే, ఇంట్లో తొందరపెట్టేవాళ్ళు లేకపోవడం చిన్న విషయం కాదు. సదరన్ కాలిఫోర్నియాలోనే బార్‌క్లీ కంటే ముందు ఆడిన మ్యాట్ లైనార్ట్ కథ మధ్యరకం. 2004 హైస్మన్ విజేత, 2005లో మొదటి పిక్ అవుతాడనుకున్నారు, కాలేజీ జీవితం బాగుందని ఉండిపోయాడు, డిగ్రీకి ఇంకొక్క క్లాసే మిగిలితే బాల్‌రూమ్ డ్యాన్స్ తీసుకున్నాడు (పాలకొల్లు మాస్టారు గమనించాలి), 2006 జనవరిలో ఫైనల్ టెక్సస్ చేతిలో ఓడాడు, పదో పిక్‌గా వెళ్ళాడు. ఆస్తులు అమ్ముకునేంత నష్టం కాదు.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. మీ చెరువు పట్టాక రొయ్య పని అయిపోతుంది. వీళ్ళకి పని అప్పుడే మొదలవుతుంది. పైగా 2011 తర్వాత మొదటి కాంట్రాక్టు స్లాబు ప్రకారమే కాబట్టి అసలు డబ్బంతా రెండో కాంట్రాక్టులో ఉంది. పాట్రిక్ మహోమ్స్ 2017లో ఏడాది ముందే వచ్చేశాడు, 2020లో పదేళ్ళకు 45 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకునేటప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. కాలేజీలో ఒక ఏడాది ఎక్కువ ఉంటే ఆ రెండో కాంట్రాక్టు కూడా ఏడాది వెనక్కి జరుగుతుంది. లైనార్ట్ కాలంలో ఈ లెక్క ఇంత గట్టిగా లేదు, ఇప్పుడు ఏజెంట్లు కుర్రాళ్ళకు మొదట చెప్పేది ఇదే.

ఒక్క విషయంలో వాళ్ళు మీకంటే నయం. దెబ్బ తగిలి డ్రాఫ్ట్‌లో విలువ పడిపోతే ఆ తేడా ఇచ్చే ఇన్సూరెన్స్ పాలసీలు అక్కడ పేరున్న కాలేజీ ఆటగాళ్ళకు దొరుకుతాయి. క్లెయిమ్ రాబట్టడం అంత తేలిక కాదనుకోండి, కానీ పాలసీ అంటూ ఉంది.

ప్రశ్న: అన్నా, కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నా, రాత్రుళ్ళు మేలుకుని ఎన్ఎఫ్ఎల్ చూస్తా. 2017లో కాలేజీలో పదమూడు ఆటలే మొదట్నుంచి ఆడిన ట్రుబిస్కీని రెండో పిక్‌గా తీసుకుని, మహోమ్స్‌ని పదో పిక్ దాకా వదిలేశారు. తక్కువ ఆడి వచ్చినవాళ్ళు పాడైపోతారన్న మాట నిజమేనా? మహోమ్స్ కూడా త్వరగా వచ్చినవాడే కదా?

జవాబు: తమ్ముడూ, "త్వరగా రావడం" వేరు, "తక్కువ ఆడి రావడం" వేరు, టీవీలో మాట్లాడేవాళ్ళు ఈ రెండూ కలిపేస్తారు. మహోమ్స్ ఏడాది ముందే వచ్చాడు గానీ టెక్సస్ టెక్‌లో రెండు సీజన్లు పూర్తిగా, అంతకుముందు ఏడాది చివర్లో కొన్ని ఆటలు ఆడి వచ్చాడు. ట్రుబిస్కీ నార్త్ కరొలైనాలో ఒక్క సీజనే. 2023లో నాలుగో పిక్‌గా ఇండియనాపొలిస్ తీసుకున్న ఆంథొనీ రిచర్డ్‌సన్‌వీ ఫ్లోరిడాలో పదమూడే, మొదటి ఏడాదే భుజానికి దెబ్బ, రెండో ఏడాది మధ్యలో బెంచీ, మూడో ఏడాదికి ఆ చోటు ఇంకొకరిది. 2009లో మార్క్ శాంచెజ్ పదహారు ఆటలతో వెళ్తానంటే వాళ్ళ కోచ్ పీట్ క్యారల్ విలేకరుల ముందే ఇది సరైన నిర్ణయం కాదని చెప్పేశాడు. శాంచెజ్ ఐదో పిక్‌గా న్యూయార్క్ జెట్స్‌కి వెళ్ళి మొదటి రెండేళ్ళూ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు దూరం దాకా చేరాడు. ఆ రెండేళ్ళూ క్యారల్‌ది తప్పన్నారు. తర్వాత శాంచెజ్ ఆట జారిపోయాక క్యారల్‌దే రైటన్నారు. ఆ నిర్ణయం 2009 జనవరిలో ఒక్కసారే తీసుకున్నది, అది మారలేదు, చూసేవాళ్ళ మాటే మారింది.

పాత కోచ్ బిల్ పార్సెల్స్ పేరు మీద ఒక లెక్క చలామణీలో ఉంది: క్వార్టర్‌బ్యాక్ అయితే నాలుగో ఏడాది దాకా ఉండాలి, పట్టా తీసుకోవాలి, మూడేళ్ళు మొదటి నుంచి ఆడి ఉండాలి, 23 ఆటలు గెలిచి ఉండాలి. దీని వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది. మిగతా చోట్ల ఆడేవాళ్ళకు ఒళ్ళు, వేగం ఉంటే కొంత నెట్టుకురావచ్చు. క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఎదురు జట్టు ఎలా నిలబడిందో చూసి, వాళ్ళు వేసిన వేషం పట్టుకుని, మీద పడేలోపు బంతి వదిలేయాలి, అది ఆడితే వచ్చేదే. ప్రాక్టీసులో ఇతన్ని ఎవరూ కింద పడెయ్యరు కాబట్టి అసలు ఆటలో తప్ప ఆ భయం అలవాటు కాదు. జో బరో సంగతి చూడు. 2018 సీజన్ అయ్యేటప్పటికి అతను మొదటి రౌండ్ ఆటగాడని ఎవరూ అనలేదు, లూసియానా స్టేట్‌లో ఇంకో ఏడాది ఆడి 60 టచ్‌డౌన్ పాస్‌లు (జట్టుకు పాయింట్లు తెచ్చే విసుర్లు) విసిరి 2020లో మొదటి పిక్ అయ్యాడు. బో నిక్స్ రెండు కాలేజీల్లో కలిపి 61 ఆటలు మొదటి నుంచి ఆడి 2024లో వచ్చాడు, కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌లలో అది రికార్డు, వచ్చిన ఏడాదే డెన్వర్‌ని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు.

అయితే ఆటల లెక్క ఒక్కటే చూస్తే 2005 అర్థం కాదు. ఆ ఏడాది ఇద్దరు త్వరగా వచ్చారు, పైన చెప్పిన అలెక్స్ స్మిత్, ఇంకొకడు కాలిఫోర్నియా నుంచి ఆరన్ రాజర్స్. స్మిత్ మొదటి పిక్, శాన్ ఫ్రాన్సిస్కో. రాజర్స్ 24వ పిక్ దాకా గదిలో కూర్చుని దిగులు మొహం వేసుకుంటే దేశమంతా టీవీలో చూసింది. స్మిత్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు, పాడైపోయిన జట్టు, మొదటి ఏడాదే ఆడించారు, ఒక్క టచ్‌డౌన్ పాస్, ఎదురు జట్టు చేతికి చిక్కిన విసుర్లు (ఇంటర్‌సెప్షన్లు) 11. ఆ తర్వాత కొన్నేళ్ళు దాదాపు ఏటా ఆట పద్ధతి నేర్పే ఒక కొత్త కోచ్ (కోఆర్డినేటర్), కొత్త పద్ధతి, కొత్త పేర్లు. రాజర్స్ గ్రీన్ బేలో బ్రెట్ ఫార్వ్ వెనక మూడేళ్ళు కూర్చున్నాడు, ఒకే పద్ధతి నేర్చుకున్నాడు, నాలుగో ఏడాది బయటకొచ్చాడు, మిగతాది నువ్వు చూసిందే. ఇందులో నాకు బాగా నచ్చే ముక్క ఏంటంటే, 2017లో మహోమ్స్ కాన్సస్ సిటీకి వెళ్ళినప్పుడు అతని ముందున్న క్వార్టర్‌బ్యాక్ ఈ స్మిత్తే. పన్నెండేళ్ళ క్రితం తనకు ఎవరూ చెప్పనిదంతా కుర్రాడికి చెప్పాడు, మహోమ్స్ ఆ ఏడాది లీగ్ దశలో చివరి ఆట ఒక్కటే మొదటి నుంచి ఆడాడు, తర్వాతి ఏడు 50 టచ్‌డౌన్ పాస్‌లు. ట్రుబిస్కీని షికాగో వాళ్ళు సీజన్‌లో నాలుగు ఆటలు కాగానే మైదానంలోకి దించేశారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది, నీకు నచ్చకపోతే కొట్లాడుదాం: మొదటి రౌండ్ అని ఖాయంగా చెప్తే పదమూడు ఆటలే ఆడినా వెళ్ళిపోవాలి, ఆ డబ్బు కాదనుకోమని ఇక్కడ కుర్చీలో కూర్చుని చెప్పే హక్కు మనకి లేదు. కాకపోతే వెళ్ళాక ఏడాదైనా కూర్చోబెట్టే జట్టు దొరకాలని అంతర్వేది స్వామికి మొక్కుకోవాలి, ఎందుకంటే ఏ జట్టు అనేది అతని చేతిలో లేదు.

ప్రశ్న: మా అబ్బాయిని ఎంఎస్‌కి బ్యాంకు లోను తీసి పంపామండి. వాళ్ళ యూనివర్సిటీలో బంతి విసిరే కుర్రాడికి కాలేజీయే ఎదురు కోట్లిస్తుందని చెప్తే నమ్మలేకపోయాం. నిజమేనా? అలా అయితే వాడు కాలేజీ వదిలి ఎందుకు వెళ్తాడు? – తణుకు

జవాబు: నిజమే, అయితే ఇది కొత్త ముచ్చట. 2021 జూలై దాకా కాలేజీ ఆటగాడికి స్కాలర్‌షిప్, తిండి, వసతి తప్ప తన పేరు మీద పైసా సంపాదించే వీల్లేదు, లక్ష మంది కూర్చునే స్టేడియం నింపినా సరే. ఆ నెల నుంచి ప్రకటనలకు, పేరు వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఒక రాజీ ఒప్పందానికి ఆమోదం తెలపడంతో కాలేజీలే నేరుగా ఇవ్వడం మొదలైంది, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అందులో పెద్ద ముద్ద ఫుట్‌బాల్‌కి, ఫుట్‌బాల్‌లో పెద్ద ముద్ద క్వార్టర్‌బ్యాక్‌కి.

మీ రెండో ప్రశ్నే అసలైన ప్రశ్న. చాలామంది ఇప్పుడు వెళ్ళట్లేదు. మూడో రౌండో నాలుగో రౌండో అనుకునేవాడికి కాలేజీలోనే ఎక్కువ దొరుకుతుంటే ఎందుకు వెళ్తాడు? క్యామ్ వార్డ్ 2024 జనవరిలో డ్రాఫ్ట్‌కి వెళ్తున్నానని ప్రకటించేశాడు కూడా. గడువు దాటకముందే వెనక్కి తీసుకుని, వాషింగ్టన్ స్టేట్ నుంచి మయామీ యూనివర్సిటీకి మారాడు, ఒక్క సీజన్ ఆడాడు, 2025లో అతనే మొదటి పిక్, నాలుగేళ్ళకు సుమారు 4 కోట్ల 88 లక్షల డాలర్లు. హైస్కూల్లో ఉన్నప్పుడు పెద్ద కాలేజీలేవీ అతని మొహం చూడలేదు, శాన్ ఆంటోనియోలో ఒక చిన్న యూనివర్సిటీ పిలిస్తే అక్కడ మొదలుపెట్టాడు. అదే 2025లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ రెండుసార్లు జట్టుని సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళి కూడా, ఇంకో కాలేజీకి మారితే పెద్ద మొత్తం ఇస్తారన్న వార్తలు వస్తున్నా, డ్రాఫ్ట్‌కే వెళ్ళాడు. ఏడో రౌండ్, 231వ పిక్. ఆ రౌండ్‌లో గ్యారంటీ అనేది పేరుకే. ఈవర్స్ తొందరపడ్డాడనే నేనంటాను, కానీ టెక్సస్‌లో అతని చోటు కోసం ఆర్చ్ మ్యానింగ్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్ అప్పటికే కాచుకుని ఉన్నాడు, ఉండటమంటే ఊరు మారడమే, అది కూడా లెక్కలో వెయ్యాలి.

మీ వాడి లోనుకి మాత్రం ఇందులో ఏ దారీ లేదండి. ఎఫ్-1 వీసా మీదున్న ఆటగాళ్ళకే ఈ డబ్బు తీసుకోవడంలో బోలెడు చిక్కులున్నాయి, ఇక ఎంఎస్ పిల్లల గురించి చెప్పేదేముంది.

ప్రశ్న: టామ్ బ్రేడీ చివరి రౌండ్లలో పోయి అంతవాడయ్యాడు కదా, మరి రౌండ్ గురించి ఇంత టెన్షన్ ఎందుకు? – నరసాపురం

జవాబు: 2000లో ఆరో రౌండ్, 199వ పిక్, నిజమే. బ్రాక్ పర్డీ 2022లో 262వ పిక్, అంటే అందరికంటే చివరివాడు, రెండో ఏడాదికే సూపర్ బౌల్ ఆడాడు. కానీ ఇద్దరూ కాలేజీలో కనీసం నాలుగేళ్ళు ఉండి వచ్చినవాళ్ళే, ముందే వదిలి వచ్చినవాళ్ళు కాదు. వీళ్ళని చూపించి ఇరవై ఒక్కేళ్ళవాణ్ణి ఎవరైనా తొందరపెడితే అతను ఏజెంటో, ఏజెంటు బావమరిదో అయ్యుంటాడు.

ప్రశ్న: ఈ ఏడాది మొదటి పిక్ ఎవరు? మా తోడల్లుడితో పందెం వేశాను. – భీమవరం

జవాబు: పండగ అయిపోయిందండి. చెప్పను.

ప్రశ్న: మా బాబుకి పదహారేళ్ళు, బ్యాడ్మింటన్ బాగా ఆడతాడు. ఇంటర్ మాన్పించి హైదరాబాద్‌లో అకాడమీలో వేద్దామని కోచ్ అంటున్నారు. అమెరికాలో పిల్లలు అలాగే చదువు వదిలి పెద్దవాళ్ళవుతున్నారు కదా అని మా వారు కూడా ఊగుతున్నారు. సాత్విక్ మా ఊరివాడే కదా అని ఒక ఆశ. – అమలాపురం నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం మిగతావాటి కంటే ఎక్కువసార్లు చదివాను. ముందు మీ వారికి చెప్పండి, అమెరికా పిల్లలు చదువు వదిలి ఆటలోకి రారు, వాళ్ళకి కాలేజీయే ఆట నేర్పే చోటు. కోచ్, డాక్టరు, జిమ్, భోజనం, స్టేడియం అన్నీ కాలేజీ పెట్టిస్తుంది, ఇరవై ఒక్కేళ్ళు వచ్చి ఒళ్ళు, బుద్ధి కుదిరాక "వెళ్ళనా" అని అడుగుతారు, అప్పుడు కూడా వాళ్ళ స్థాయి ఎంతో చెప్పడానికి వాళ్ళ దగ్గర పైసా తీసుకోని కమిటీ ఒకటుంటుంది. మన దగ్గర ఆ మెట్టే లేదు. సాత్విక్ సాయిరాజ్ 2014లో గోపీచంద్ అకాడమీలో చేరేటప్పటికి పదమూడు, పద్నాలుగేళ్ళ మధ్య పిల్లవాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, బ్యాడ్మింటన్ తెలిసిన మనిషి, కొడుకు ఆట ఎంతో ఆయన కళ్ళతో ఆయనే తూచుకోగలిగారు. 2022 థామస్ కప్, 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ స్వర్ణం, అదే ఏడాది ప్రపంచ ఒకటో ర్యాంకు, అవన్నీ తర్వాత. అమలాపురం నుంచి వెళ్ళాడు కాబట్టి అమలాపురం నుంచి ఎవరైనా వెళ్ళొచ్చు అనుకోవడం వేరు, మీ బాబు వెళ్ళొచ్చా అన్నది వేరు.

అందుకని కమిటీ లేదు కాబట్టి కమిటీని మీరే తయారుచేసుకోండి. ఇప్పుడున్న కోచ్‌నీ, ఫీజు తీసుకోబోయే అకాడమీనీ కాకుండా, ఈ ఇద్దరితో సంబంధం లేని ఒక మాజీ ఆటగాణ్ణో, ఇంకో జిల్లా కోచ్‌నో పట్టుకుని వాడి ఆట చూపించండి. అండర్-17 రాష్ట్ర స్థాయిలో ఎంతవరకు వెళ్తున్నాడు, ఓడినప్పుడు ఎవరి చేతిలో, ఏ స్కోరుతో ఓడుతున్నాడు, ఆ కాగితాలు ముందు పెట్టండి. పదహారు అంటే బ్యాడ్మింటన్‌లో చిన్న వయసేం కాదు, రాష్ట్ర స్థాయిలో సెమీఫైనల్ మొహం ఇంకా చూడకపోతే నేనైతే పంపను. చూసి ఉంటే పంపుతాను, అయితే ఇంటర్ మాన్పించి కాదు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాసుకోవచ్చు, రోజూ కాలేజీకి వెళ్ళక్కర్లేదు. అకాడమీ వాళ్ళు చదువుకి టైముండదు అంటే, రెండు ప్రాక్టీసుల మధ్య మధ్యాహ్నం పిల్లలు ఏం చేస్తారో ఒకసారి వెళ్ళి మీ కళ్ళతో చూసి రండి. ఈలోగా వచ్చే పరీక్షకి ఫీజు మాత్రం కట్టేయండి, మీ వారు ఊగడం ఆపేదాకా గడువు ఆగదు.